లోహం ఎందుకు వంగుతుంది, ఎందుకు గట్టిపడుతుంది: స్ఫటిక లోపాలు, గ్రెయిన్ బౌండరీల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో మెకానికల్, మెటలర్జీ చదివేవాళ్లు, గేట్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లు, బాలానగర్, జీడిమెట్ల ప్రెస్ షాపుల్లో కొత్తగా చేరిన డిప్లొమా పిల్లలు ఈ విషయం మీద ఏటా దాదాపు అవే సందేహాలు అడుగుతున్నారు. వాటిని వాళ్ల మాటల్లోనే ఇక్కడ పెట్టాను. లోహం ముక్క అంటే ఎన్నో చిన్న స్ఫటికాల గుంపు; ఒక్కో స్ఫటికం ఒక గ్రెయిన్, రెండు గ్రెయిన్లు కలిసే హద్దు గ్రెయిన్ బౌండరీ. మీకు కావలసిన ప్రశ్నకు నేరుగా వెళ్లిపోవచ్చు. ఏ జవాబు చదువుతున్నా రెండు విషయాలు మాత్రం వెతకండి: ఇక్కడ కదులుతున్నది ఏది, దాన్ని ఆపుతున్నది ఏది. ఫార్ములా గుర్తు లేకపోయినా ఈ రెండూ తెలిస్తే సగం సందేహాలు మీకు మీరే తీర్చుకోగలరు.

## మొదట తెలియాల్సినవి

లోహం వంగినప్పుడు లోపల అసలేం జరుగుతోంది?

కొద్దిగా లాగి వదిలేస్తే అణువుల మధ్య దూరం కాస్త పెరిగి మళ్లీ మామూలుగా అయిపోతుంది. అది ఎలాస్టిక్. ఈల్డ్ (శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి) దాటాక కథ మారుతుంది. అణువుల పొరలు ఒకదాని మీద ఒకటి జరుగుతాయి. జరిగిన అణువు పాత పొరుగును వదిలి కొత్త పొరుగుతో బంధం కట్టుకుంటుంది. అందుకే లోడ్ తీసేసినా వెనక్కి రాదు. దీన్నే స్లిప్ అంటారు. అది ఎక్కడపడితే అక్కడ జరగదు. సాధారణంగా అణువులు బాగా దగ్గరగా పేర్చుకున్న పొరల మీదే, ఆ పొరలో కూడా అవి బాగా దగ్గరగా ఉన్న దిశలోనే జరుగుతుంది. స్ఫటిక నిర్మాణం మాత్రం అలాగే ఉంటుంది: వంగిన రాగి కూడా ఎఫ్‌సీసీ (ఘనం మూలల్లో, ముఖాల మధ్యలో అణువులుండే అమరిక) రాగే. ఘనపరిమాణం కూడా దాదాపు మారదు.

సర్, లోపం ఉంటే బలం తగ్గాలి కదా? మరి లోపాలు పెరిగితే లోహం గట్టిపడుతుందని ఎందుకంటారు?

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే సందేహం ఇదే, చాలా మంచి సందేహం కూడా. రెండు మాటలూ నిజమే, కానీ రెండు వేర్వేరు పరిస్థితుల గురించి.

ఏ లోపమూ లేని స్ఫటికంలో ఒక పొర మొత్తాన్ని ఒకేసారి జరపాలంటే ఎంత ఒత్తిడి కావాలో 1926లో ఫ్రెంకెల్ లెక్క కట్టాడు. అది షియర్ మాడ్యులస్‌లో (పొరలు పక్కకు జరగకుండా లోహం చూపే బిగువు) సుమారు ఆరో వంతు. రాగికి ఇది 7 గిగా పాస్కల్స్ పైనే అవుతుంది. కానీ బాగా అనీల్ చేసిన (వేడి చేసి మెత్తబరిచిన) స్వచ్ఛమైన రాగి సింగిల్ క్రిస్టల్ (మొత్తం ఒకే స్ఫటికం) ఒక మెగా పాస్కల్ దరిదాపుల్లోనే స్లిప్ మొదలుపెడుతుంది. తేడా వేల రెట్లు! ఈ తేడాకి కారణం డిస్‌లొకేషన్లు, అంటే స్ఫటికంలో అణువుల అమరిక తప్పిన గీతల్లాంటి లోపాలు. అంటే డిస్‌లొకేషన్ ఉండటం వల్ల లోహం బలం పడిపోయిందన్న మాట నిజమే. దాదాపు లోపాల్లేకుండా పెంచిన సన్నని ఇనుప విస్కర్లు (వెంట్రుకల్లాంటి స్ఫటికాలు) 10 గిగా పాస్కల్స్ దాటి తట్టుకోవడం దీనికి రుజువు.

ఇప్పుడు రెండో సగం. డిస్‌లొకేషన్లు కొన్నే ఉంటే వాటికి అడ్డు లేదు, సులువుగా కదులుతాయి. బాగా పెరిగిపోతే ఒకదాని దారికి ఒకటి అడ్డం పడతాయి, చిక్కుపడతాయి. అనీల్ చేసిన లోహంలో ఒక ఘన సెంటీమీటరులో ఉన్న డిస్‌లొకేషన్ గీతలన్నీ కలిపితే పది కిలోమీటర్ల నుంచి వెయ్యి కిలోమీటర్ల పొడవు ఉంటాయి. గట్టిగా కోల్డ్ వర్క్ చేసిన (కాల్చకుండా వంచి, కొట్టి, సాగదీసిన) లోహంలో అది కోటి కిలోమీటర్ల దాకా పోతుంది. కాబట్టి అసలు లేకపోతే చాలా బలం, కొన్ని ఉంటే మెత్తదనం, చాలా ఉంటే మళ్లీ బలం. మన చేతికి వచ్చే లోహాలన్నీ ఈ రెండో, మూడో దశల మధ్య ఉంటాయి. అందుకే వర్క్‌షాపులో “లోపాలు పెరిగితే గట్టి” అన్న మాటే పనికొస్తుంది.

వేకెన్సీ, ఇంటర్‌స్టీషియల్, డిస్‌లొకేషన్, గ్రెయిన్ బౌండరీ... వీటిలో వంగడానికి కారణం ఏది?

మామూలు ఉష్ణోగ్రతలో ప్రధానంగా డిస్‌లొకేషన్. కదిలేది అదే. కొన్ని లోహాల్లో ట్విన్నింగ్ (స్ఫటికంలో కొంత భాగం అద్దంలో ప్రతిబింబంలా తిరగడం) కూడా కలుస్తుంది. సందుల్లో ఇరుక్కున్న అణువులు (ఇంటర్‌స్టీషియల్), పక్కన చేరిన వేరే మూలకం అణువులు, ప్రెసిపిటేట్లు (లోపల విడిగా ఏర్పడ్డ వేరే పదార్థపు రేణువులు), గ్రెయిన్ బౌండరీలు ఎక్కువగా దాన్ని ఆపేవి. వేకెన్సీలు (అణువు లేని ఖాళీ స్థానాలు) చల్లగా ఉన్నప్పుడు పెద్దగా పాత్ర వహించవు. వేడి పెరిగేకొద్దీ వాటి సంఖ్య వేగంగా పెరిగి, ద్రవీభవన స్థానం దగ్గర సుమారు పదివేల స్థానాల్లో ఒకటి ఖాళీగా ఉంటుంది. అప్పుడు అణువులు ఆ ఖాళీల్లోకి దూకుతూ కదలడం వల్ల క్రీప్ (అదే లోడ్ కింద మెల్లగా సాగిపోవడం) వంటివి మొదలవుతాయి.

## డిస్‌లొకేషన్ కదలిక

డిస్‌లొకేషన్‌ని ఎలా ఊహించుకోవాలి? బొమ్మ చూసినా అర్థం కావట్లేదు.

ఫంక్షన్ హాల్లో పరిచిన పెద్ద జంపఖానాని ఒక జానెడు జరపాలనుకోండి. అంచు పట్టుకుని మొత్తం లాగితే కదలదు. ఒక చివర చిన్న మడత లేపి, ఆ మడతను అవతలి చివరికి తోసుకుంటూ పోతే మొత్తం జానెడు జరిగిపోతుంది, అలుపు కూడా ఉండదు. ఏ క్షణంలో చూసినా నేల మీద కదులుతున్నది మడత దగ్గర ఉన్న కొంత భాగమే. డిస్‌లొకేషన్ ఆ మడత. పొరలో జరిగిన భాగానికీ ఇంకా జరగని భాగానికీ మధ్య ఉన్న హద్దు గీత అది. ఆ గీత స్ఫటికాన్ని దాటేసరికి పై సగం కింది సగం మీద ఒక అణువు దూరం జరిగి ఉంటుంది.

ఈ ఆలోచన 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ ముగ్గురికీ విడివిడిగా వచ్చింది. అప్పటికి దాన్ని ఎవరూ కళ్లారా చూడలేదు. 1956లో కేంబ్రిడ్జ్‌లో హిర్ష్, హోర్న్, వీలన్ పల్చటి అల్యూమినియం రేకులో అవి కదులుతుండగా ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూశారు. ఇరవై రెండేళ్ల పాటు ఇంత పెద్ద సిద్ధాంతం కంటికి కనపడని ఒక గీత మీద నిలబడింది. నాకు ఇప్పటికీ ఈ సబ్జెక్టులో అన్నిటికంటే నచ్చే సంగతి ఇదే.

ఎడ్జ్, స్క్రూ తేడా పరీక్షకు తప్ప ఎందుకైనా పనికొస్తుందా?

వస్తుంది. స్లిప్ దిశకు గీత అడ్డంగా ఉంటే ఎడ్జ్, దాని వెంటే ఉంటే స్క్రూ. స్క్రూ డిస్‌లొకేషన్‌కి ఒక పొరలో అడ్డు తగిలితే పక్క పొరలోకి మారగలదు, దాన్ని క్రాస్ స్లిప్ అంటారు. ఎడ్జ్‌కి ఆ వీలు లేదు. పైకో కిందికో జరగాలంటే వేకెన్సీలు వచ్చి చేరాలి, దానికి వేడి కావాలి. అల్యూమినియంలో క్రాస్ స్లిప్ సులువు. వెండి, ఇత్తడి లాంటి వాటిలో స్టాకింగ్ ఫాల్ట్ ఎనర్జీ (పొరల వరుస తప్పడానికి అయ్యే శక్తి) తక్కువ. అందువల్ల డిస్‌లొకేషన్ రెండుగా చీలి విడిపోతుంది, పొర మారడం కష్టం. అందుకే ఒకే విధంగా వంచినా ఇత్తడి అల్యూమినియం కంటే త్వరగా గట్టిపడుతుంది.

రాగి, వెండి సాగినట్టు జింక్, మెగ్నీషియం ఎందుకు సాగవు?

చార్మినార్ చుట్టుపక్కల సందుల్లో వెండి వరక్ కొట్టే చప్పుడు మీరు వినే ఉంటారు. వెండి అంత పల్చగా సాగడానికి మూలం దాని ఎఫ్‌సీసీ నిర్మాణం. అందులో 12 స్లిప్ సిస్టమ్స్ (జరగగల పొర, దిశల జతలు) ఉన్నాయి. ఏ వైపు నుంచి కొట్టినా ఏదో ఒక పొర జరగడానికి అనువైన కోణంలో దొరుకుతుంది.

చాలా గ్రెయిన్లు ఉన్న లోహం పగలకుండా ఏ ఆకారంలోకైనా మారాలంటే ప్రతి గ్రెయిన్‌కీ కనీసం 5 స్వతంత్ర స్లిప్ సిస్టమ్స్ ఉండాలి. ఇది ఫాన్ మీసెస్ చెప్పిన షరతు. జింక్, మెగ్నీషియం హెచ్‌సీపీ (ఆరు పలకల స్తంభంలా పేర్చుకున్న అమరిక) లోహాలు. వాటిలో గది ఉష్ణోగ్రతలో సులువుగా కదిలేది బేసల్ స్లిప్ (ఆ స్తంభం అడుగు పొరల మీద జరగడం) ఒక్కటే, అందులో స్వతంత్రమైనవి రెండే. అందుకే అవి త్వరగా పగులుతాయి.

అయితే ఇక్కడ మన ఊరి నుంచే ఇంకో ప్రశ్న వస్తుంది. జిర్కోనియం కూడా హెచ్‌సీపీయే, మరి మౌలాలి దగ్గర న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో దాని మిశ్రమాలతో పల్చటి గోడల ట్యూబులు ఎలా చేస్తున్నారు? జిర్కోనియంలో సీ బై ఏ నిష్పత్తి (స్తంభం ఎత్తుకూ అడుగు భుజానికీ మధ్య నిష్పత్తి) 1.593, ఆదర్శ విలువ 1.633 కంటే తక్కువ. అందువల్ల బేసల్ పొరల కంటే ప్రిజం పొరల (స్తంభం పక్క గోడలు) మీద స్లిప్ సులువు, పైగా ట్విన్నింగ్ తోడవుతుంది. మధ్యమధ్యలో అనీలింగ్ చేస్తూ పోతే ట్యూబు సన్నబడుతుంది. కంచన్‌బాగ్‌లోని ప్రత్యేక మిశ్రమ లోహాల సంస్థ మిధానిలో తయారయ్యే టైటానియం మిశ్రమాలదీ చాలావరకు ఇదే దారి. “హెచ్‌సీపీ అంటే పెళుసు” అని ఒక్క ముక్కలో రాసేవాళ్లు ఈ రెండు లోహాల్నీ మర్చిపోతున్నారు.

వంచే కొద్దీ కొత్త డిస్‌లొకేషన్లు ఎక్కణ్ణుంచి వస్తాయి?

ఉన్నవే పిల్లలు పెడతాయి. రెండు చివరలూ ఇరుక్కుపోయిన ఒక డిస్‌లొకేషన్ ముక్క ఒత్తిడికి విల్లులా వంగి, గుండ్రంగా చుట్టుకుని ఒక పూర్తి వలయాన్ని వదులుతుంది. మొదటి ముక్క మాత్రం అక్కడే ఉండి మళ్లీ అదే పని చేస్తుంది. 1950లో ఫ్రాంక్, రీడ్ ప్రతిపాదించిన మూలం ఇది. గ్రెయిన్ బౌండరీల నుంచీ, పై ఉపరితలం నుంచీ కూడా పుడతాయి.

మైల్డ్ స్టీల్ టెన్సైల్ టెస్ట్‌లో గ్రాఫ్ పైకెళ్లి ఒక్కసారిగా ఎందుకు కిందికి దిగుతుంది? రాగికి అలా రావట్లేదే?

మైల్డ్ స్టీల్‌లో కార్బన్, నైట్రోజన్ అణువులు చాలా చిన్నవి. అవి డిస్‌లొకేషన్ చుట్టూ ఉన్న సాగిన చోట్లలో చేరి దాన్ని పట్టి ఉంచుతాయి. దీన్ని కాట్రెల్ అట్మాస్ఫియర్ అంటారు. ఆ పట్టు నుంచి కదలిక మొదలవ్వడానికి ఎక్కువ ఒత్తిడి కావాలి, అది అప్పర్ ఈల్డ్. ఒకసారి మొదలయ్యాక తక్కువ ఒత్తిడితోనే నడుస్తుంది, అది లోవర్ ఈల్డ్. ఆ సమయంలో శాంపిల్ అంతా ఒకేలా సాగదు. ల్యూడర్స్ బ్యాండ్లు (ముందుగా సాగిన పట్టీలు) ఒక చివర నుంచి ఇంకో చివరకు పాకుతాయి. రాగిలో ఇలా పట్టి ఉంచే చిన్న అణువులు లేవు కాబట్టి గ్రాఫ్ నున్నగా పోతుంది.

ప్రెస్ షాపులో దీనికి నేరుగా సంబంధం ఉంది. షీట్ ప్రెస్ చేశాక పైన అలలు అలలుగా గీతలు పడుతున్నాయంటే అవి ఈ బ్యాండ్లే. స్టీల్ మిల్లులో చివర్లో స్కిన్ పాస్ రోలింగ్ (షీట్‌ని చాలా స్వల్పంగా నొక్కి రోల్ చేయడం) చేసేది ఈ పట్టు విడిపించడానికే. కానీ ఆ షీట్‌ని గోడౌన్‌లో నెలల తరబడి ఉంచేస్తే కార్బన్, నైట్రోజన్ మళ్లీ డిస్‌లొకేషన్ల దగ్గరికి చేరతాయి, గీతలు మళ్లీ వస్తాయి. మన ఎండాకాలపు వేడిలో ఇంకా త్వరగా. కాబట్టి ముందు వచ్చిన స్టాక్ ముందు వాడండి.

## గ్రెయిన్ బౌండరీ

మైక్రోస్కోప్‌లో నల్ల గీత కనిపిస్తోంది. గ్రెయిన్ బౌండరీ అంటే చిన్న పగులేనా?

కాదు. అక్కడ ఖాళీ లేదు. రెండు స్ఫటికాల అమరిక దిశలు వేరు కావడంతో అణువులు కొంచెం అస్తవ్యస్తంగా కలిసే చోటు అది. మందం కొద్ది అణువులంతే. మీరు నైటాల్‌తో (ఆల్కహాల్‌లో కలిపిన నైట్రిక్ ఆమ్లం) ఎచ్ చేసినప్పుడు, అంటే ఉపరితలాన్ని కొద్దిగా కరిగించినప్పుడు, అక్కడి అణువులకు శక్తి ఎక్కువ కాబట్టి ఆమ్లం వాటిని ముందుగా కరిగించి సన్నని కాలువ చేస్తుంది. ఆ కాలువ వెలుతురును పక్కకు చెదరగొట్టడం వల్ల నల్లగా కనిపిస్తుంది. ఎచ్ చేయకుండా పాలిష్ చేసిన ముక్కనే చూడండి, గీతలు ఉండవు. దిశల తేడా సుమారు 15 డిగ్రీలు దాటితే హై యాంగిల్ అంటారు. అంతకంటే తక్కువైతే ఆ బౌండరీని వరుసగా పేర్చిన డిస్‌లొకేషన్లుగా చూడొచ్చు.

గ్రెయిన్ చిన్నదైతే బలం ఎందుకు పెరుగుతుంది?

డిస్‌లొకేషన్ ఒక పొర మీద కదులుతూ బౌండరీ దాకా వస్తుంది. అవతలి గ్రెయిన్‌లో పొరలు వేరే దిశలో ఉన్నాయి, దారి అక్కడితో ఆగింది. వెనక వచ్చేవి దాని వెనకే వరుసగా ఆగుతాయి. ఆ వరుస ఎంత పొడవైతే మొదటి దాని దగ్గర ఒత్తిడి అంత పెరిగి, పక్క గ్రెయిన్‌లో స్లిప్‌ని మొదలుపెడుతుంది. గ్రెయిన్ చిన్నదైతే వరుసకు చోటు తక్కువ, కాబట్టి బయట నుంచి మనం ఎక్కువ లోడ్ ఇవ్వాలి.

1951లో హాల్, 1953లో పెచ్ స్టీల్ మీద చేసిన పనితో దీనికి లెక్క వచ్చింది: ఈల్డ్ స్ట్రెంగ్త్ గ్రెయిన్ వ్యాసపు వర్గమూలానికి విలోమంగా పెరుగుతుంది. మైల్డ్ స్టీల్‌కి పాఠాల్లో వాడే విలువలు స్థిర భాగం 70 మెగా పాస్కల్స్, గుణకం 0.74 (మెగా పాస్కల్ × √మీటర్). గ్రెయిన్ 100 మైక్రాన్లయితే ఈల్డ్ సుమారు 144 మెగా పాస్కల్స్. 25 మైక్రాన్లయితే 218. 

బలం పెంచే మిగతా పద్ధతులన్నీ సాధారణంగా టఫ్‌నెస్‌ని (పగలకుండా దెబ్బ తట్టుకునే గుణం) కొంత తినేస్తాయి. గ్రెయిన్‌ని సన్నం చేయడం ఒక్కటే స్టీల్‌లో బలాన్నీ టఫ్‌నెస్‌నీ కలిపి పెంచుతుంది. ఎంచుకునే అవకాశం ఉంటే ముందు దీన్నే ఎంచుకోవాలని నా అభిప్రాయం.

అయితే గ్రెయిన్‌ని నానో సైజుకి తెచ్చేస్తే బలం పెరుగుతూనే ఉంటుందా?

ఉండదు. సుమారు 10, 20 నానోమీటర్ల దగ్గర ఆ పెరుగుదల ఆగిపోతుంది, కొన్నిట్లో వెనక్కి తగ్గుతుంది. అంత చిన్న గ్రెయిన్‌లో డిస్‌లొకేషన్లు వరుస కట్టడానికే చోటుండదు. బౌండరీలే జరగడం మొదలుపెడతాయి. ఇంకో ఇబ్బంది, ఇలాంటి లోహం పెద్దగా గట్టిపడకుండానే ఒక చోట సన్నబడి (నెక్ కట్టి) తెగిపోతుంది.

పక్కపక్క గ్రెయిన్లు వేర్వేరుగా వంగితే మధ్యలో సందు రావాలి కదా?

రావాలి, కానీ రానివ్వవు. బౌండరీ దగ్గర ప్రతి గ్రెయిన్ అదనపు డిస్‌లొకేషన్లు తెచ్చుకుని పొరుగుకి తగ్గట్టు సర్దుకుంటుంది. అందువల్ల బౌండరీ పక్కన ఉన్న ప్రాంతం గ్రెయిన్ మధ్య భాగం కంటే ఎక్కువ గట్టిపడుతుంది. పై ఉపరితలంలో ఉన్న గ్రెయిన్లకు ఒక వైపు పొరుగు లేదు కాబట్టి అవి తమ ఇష్టానికి పైకీ కిందికీ కదులుతాయి. గ్రెయిన్ పెద్దదైతే అది కంటికి కనిపిస్తుంది: డీప్ డ్రా చేసిన (రేకును డైలోకి నొక్కి లోతుగా సాగదీసిన) ఇత్తడి కప్పు గరుకుగా మారే ఆరెంజ్ పీల్ ఇదే. డై మార్చితే పోదు, షీట్ మార్చాలి.

## వేడి తగిలినప్పుడు

రాగి తీగను వంచే కొద్దీ గట్టిపడుతుంది, ఎర్రగా కాల్చితే మెత్తబడుతుంది. ఎందుకు?

వంచే కొద్దీ డిస్‌లొకేషన్లు పెరిగి చిక్కుపడతాయి. మనం పెట్టిన పనిలో ఎక్కువ భాగం వేడిగా పోతుంది, కొద్ది శాతం మాత్రం ఆ డిస్‌లొకేషన్ల రూపంలో లోహంలో నిల్వ ఉంటుంది. వేడి చేసినప్పుడు ఆ నిల్వ శక్తే మార్పును నడిపిస్తుంది. మొదట రికవరీ: డిస్‌లొకేషన్లు కొన్ని ఒకదాన్ని ఒకటి రద్దు చేసుకుంటాయి, మిగతావి వరుసల్లో సర్దుకుంటాయి. గట్టిదనం పెద్దగా తగ్గదు. తర్వాత రీక్రిస్టలైజేషన్: లోపాలు తక్కువ ఉన్న కొత్త గ్రెయిన్లు పుట్టి పాతవాటిని మింగేస్తాయి. మెత్తదనం వచ్చేది ఇక్కడే. ఇంకా వేడిలో ఉంచితే గ్రెయిన్ గ్రోత్.

జనగామ జిల్లా పెంబర్తిలో ఇత్తడి రేకు పని చేసే కళాకారులను చూస్తే రేకును కొట్టడం, కాల్చడం, మళ్లీ కొట్టడం కనిపిస్తుంది. కాల్చకుండా కొడుతూ పోతే అంచులు చీలతాయి. మరీ ఎక్కువ కాల్చితే గ్రెయిన్ పెరిగి పైభాగం గరుకవుతుంది. చేతి అనుభవంతో వాళ్లు పట్టుకున్న ఈ మధ్య గీత చాలా గౌరవించాల్సిన విద్య.

హాట్ వర్కింగ్ అంటే లోహం ఎర్రగా ఉండాలా?

అక్కర్లేదు. వంచుతుండగానే రీక్రిస్టలైజ్ అయితే అది హాట్ వర్కింగ్. ఆ ఉష్ణోగ్రత కెల్విన్‌లో చూస్తే ద్రవీభవన స్థానంలో సుమారు 0.3 నుంచి 0.5 వంతు. సీసం 327 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది కాబట్టి గది ఉష్ణోగ్రతే దానికి హాట్ వర్కింగ్. టంగ్‌స్టన్ 3422 డిగ్రీలకు కరుగుతుంది, దానికి 1000 డిగ్రీలు కూడా చాలవు.

గ్రెయిన్ బౌండరీ బలం ఇస్తుందంటారు, మరి జెట్ ఇంజిన్ బ్లేడ్‌లో ఒక్క బౌండరీ కూడా లేకుండా ఎందుకు చేస్తారు?

చల్లగా ఉన్నప్పుడు అడ్డుగోడగా పనికొచ్చే బౌండరీ, బాగా వేడిలో బలహీనమైన చోటు అవుతుంది. అక్కడ అణువులు సర్దుకోవడానికి ఖాళీ ఎక్కువ కాబట్టి డిఫ్యూజన్ వేగంగా జరుగుతుంది, గ్రెయిన్లు ఒకదాని పక్క నుంచి ఒకటి జారతాయి, బౌండరీ మీద చిన్న రంధ్రాలు పుట్టి కలిసి పగులవుతాయి. లోడ్ మారకపోయినా లోహం గంటలు గడిచేకొద్దీ సాగిపోవడమే క్రీప్. అందుకే వేడిలో పనిచేసే భాగాలకు పెద్ద గ్రెయిన్లు మేలు, అన్నిటికంటే మేలు అసలు బౌండరీ లేకపోవడం. నికెల్ సూపర్ అల్లాయ్‌తో మొత్తం బ్లేడ్‌ను ఒకే స్ఫటికంగా పోత పోస్తారు. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల డీఎంఆర్‌ఎల్ ఈ టెక్నాలజీ అభివృద్ధి చేసి, హెలికాప్టర్ ఇంజిన్ కోసం 60 బ్లేడ్లు విమానాల తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌కు ఇచ్చినట్టు 2021లో ప్రకటన వచ్చింది. ప్రపంచంలో కొద్ది దేశాల చేతిలోనే ఉన్న పని ఇది.

బౌండరీ జారడాన్ని కావాలని వాడుకునే సందర్భమూ ఉంది. చాలా సన్నని గ్రెయిన్లున్న టైటానియం మిశ్రమాన్ని వేడి చేసి నిదానంగా లాగితే తెగకుండా అనేక వందల శాతం సాగుతుంది. అది సూపర్ ప్లాస్టిసిటీ.

## ల్యాబ్, పరీక్ష, సైటు

మా కాలేజీ మైక్రోస్కోప్‌లో డిస్‌లొకేషన్ చూడొచ్చా?

నేరుగా చూడలేరు. తగిన ఎచ్ చేస్తే అవి పైకి వచ్చిన చోట గుంటలు కనిపిస్తాయి. పాలిష్ చేసిన ముక్కను వంచితే స్లిప్ గీతలూ కనిపిస్తాయి. గీతనే చూడాలంటే ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్, సుమారు 100 నానోమీటర్ల పల్చటి శాంపిల్ కావాలి.

హాల్-పెచ్ లెక్క (గ్రెయిన్ సైజు నుంచి ఈల్డ్ కట్టేది) ఎప్పుడూ తప్పు వస్తోంది.

ఎక్కువమంది రెండు చోట్ల తప్పుతున్నారు. గుణకం మీటర్లలో ఇచ్చి గ్రెయిన్ సైజు మైక్రాన్లలో ఇస్తారు, మార్చకుండా వేస్తారు. రెండోది ఏఎస్‌టీఎం నంబరు (గ్రెయిన్ సైజుకి వాడే ప్రామాణిక సంఖ్య). నంబరు పెరిగితే గ్రెయిన్ చిన్నది. ఒకటి పెరిగితే నిర్ణీత వైశాల్యంలో గ్రెయిన్ల సంఖ్య రెట్టింపు అవుతుంది, కానీ వ్యాసం సగం కాదు, 1.41తో భాగించినంతకు (సుమారు 0.71 రెట్లకు) తగ్గుతుంది.

కోల్డ్ వర్క్ చేస్తే స్టీల్ స్టిఫ్‌నెస్ (ఎలాస్టిక్‌గా సాగకుండా చూపే బిగువు) కూడా పెరుగుతుందా?

పెరగదు. అది అణువుల బంధం నుంచి వస్తుంది. మెత్తటి స్టీలైనా గట్టి స్టీలైనా యంగ్స్ మాడ్యులస్ 200 గిగా పాస్కల్స్ దగ్గరే ఉంటుంది. దూలం కిందికి ఎక్కువ వంగుతోందని గట్టి గ్రేడ్ కొంటే డబ్బు దండగ, సెక్షన్ లోతు పెంచాలి.

ఇంటి పనిలో వంచిన టీఎంటీ కడ్డీని సరిచేసి మళ్లీ వంచొద్దని ఇంజినీర్ అంటున్నాడు. మేస్త్రి ఏమీ కాదంటున్నాడు. ఎవరి మాట వినాలి?

ఇంజినీర్ మాట. మొదటిసారి వంచినప్పుడే ఆ మలుపు దగ్గర డిస్‌లొకేషన్లు నిండిపోయి, సాగే శక్తిలో కొంత ఖర్చయిపోయింది. ఆ తర్వాత రోజులు గడిచేకొద్దీ కార్బన్, నైట్రోజన్ అణువులు వాటి దగ్గర చేరి ఇంకా పెళుసు చేస్తాయి. ఇప్పుడు వెనక్కి వంచితే రిబ్ (కడ్డీ మీది ఉబ్బు గీత) మొదట్లో పగులు రావచ్చు, అది కంటికి కనిపించకపోవచ్చు కూడా. కాంక్రీటు కడ్డీల భారతీయ ప్రమాణం ఐఎస్ 1786లో రీబెండ్ టెస్ట్ పెట్టింది ఈ భయంతోనే: కడ్డీని లోపలి కోణం 135 డిగ్రీలు వచ్చేలా వంచి, మరిగే నీటిలో 30 నిమిషాలు ఉంచి, చల్లార్చి, 157.5 డిగ్రీలు వచ్చేదాకా వెనక్కి తెరుస్తారు. మరిగే నీళ్లు నెలల్లో జరిగే ఏజింగ్‌ని అరగంటలో తెప్పించడానికి. ఆ టెస్ట్ పాసైన కడ్డీ కూడా తగిన సైజు మాండ్రెల్ (వంచడానికి ఆసరాగా పెట్టే గుండ్రటి దిమ్మ) మీద ఒకసారి జాగ్రత్తగా వంచడాన్ని తట్టుకుంటుందే తప్ప, సైటులో పైపు తొడిగి ఇష్టమొచ్చినట్టు అటూ ఇటూ తిప్పడాన్ని కాదు.

గ్యాస్ కట్టర్‌తో ఎర్రగా కాల్చి వంచడం ఇంకా ప్రమాదం. టీఎంటీ కడ్డీ బలంలో పెద్ద వాటా పైపొరలో ఉన్న టెంపర్డ్ మార్టెన్సైట్‌ది (వేగంగా చల్లార్చి, తర్వాత కొద్దిగా వేడి తగలనిచ్చిన గట్టి స్టీల్). ఎర్రగా కాలిన చోట ఆ పొర పోతుంది, అక్కడ కడ్డీ తన గ్రేడ్ బలం ఇవ్వదు. తప్పు చోట వంగిన కడ్డీని తీసేసి కొత్తది పెట్టించుకోండి. అది కుదరకపోతే ఏం చేయాలో స్ట్రక్చరల్ ఇంజినీర్‌తో రాయించుకోండి.